మళ్ళీ చెప్పించిన టీచరుగారు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున బ్రిస్బేన్ నుంచి, నాకు చైనీస్ భాష నేర్పిన టీచరుగారి భర్త, అంకుల్ ఫోన్ చేశారు. "మీ టీచర్ వెళ్ళిపోయింది," అన్నారు. మామూలుగానే పడుకున్నారట, తెల్లారి లేవలేదట. ఓదార్పుగా ఒక్క మాట మాండరిన్‌లో చెప్పాలని నోటిదాకా తెచ్చుకున్నాను. తప్పు పలుకుతానేమోనని భయమేసి ఇంగ్లీషులోకి మారిపోయాను. పోయాక కూడా ఆవిడ నన్ను ధైర్యంగా నోరు విప్పనివ్వలేదు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. కానీ టీచరుగారి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే ముందు ఆవిడ నన్ను ఎంత విసిగించారో చెప్పక తప్పదు.

మాది కాకినాడ. అన్నయ్య వైటూకే పని మీద సిడ్నీ వచ్చి, కెల్లీవిల్‌లో స్థిరపడి, చదువుకోమని నన్నూ రప్పించాడు. పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేసే మనుషుల కోసం కంపెనీలు వెతుక్కుంటున్న రోజుల్లో నా కంప్యూటర్ చదువు పూర్తయింది. అప్పటికి నేను మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో చేరి ఉన్నాను. ఉద్యోగంలో చేరాల్సినవాణ్ణి రెండేళ్ళ సువార్త సేవకు పేరిచ్చాను. తెలుగు వచ్చు, హిందీ కాస్త వచ్చు అని రాసిస్తే, బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ దగ్గరున్న చైనీస్ సంఘానికి వేశారు. అన్నయ్యకు ఇది అస్సలు మింగుడు పడలేదు. ఇంటికి ఫోన్ చేసే వీలు మాకు ఏడాదిలో ఏ క్రిస్మస్‌కో తప్ప ఉండేది కాదు. ఆ ఒక్క ఫోన్‌లో కూడా వాడు పండగ శుభాకాంక్షలు చెప్పలేదు.

"ఒరేయ్, ఇక్కడ కోడింగ్ వచ్చినోణ్ణల్లా లాక్కెళ్ళిపోతన్నారు. నువ్వేమో సైకిలేసుకుని తలుపులు కొడతన్నావు. దేవుడెక్కడికీ పోడు గానీ, మార్కెట్ పోద్దిరా," అన్నాడు.

నా పేరుకు ముందు 'ఎల్డర్' అని బిళ్ళ తగిలించారు. ఎల్డర్ అంటే పెద్ద. నాకు మాండరిన్ రెండు ముక్కలు రావు, నేను పెద్దనట. శిక్షణలో నేర్పిన నాలుగు వాక్యాలతో, తెల్ల చొక్కా, టై వేసుకుని, క్వీన్స్‌లాండ్ ఎండలో సైకిల్ తొక్కేవాణ్ణి. మాలో ఎవరూ ఒంటరిగా తిరగకూడదు కాబట్టి నాకో జోడీ ఉండేవాడు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన టోంగా కుర్రాడు, మంచి గాయకుడు. మాండరిన్‌లో ఒకే అక్షరాన్ని గొంతు పైకి లేపి అంటే ఒక అర్థం, కిందికి దించి అంటే ఇంకో అర్థం. పాడేవాడికి ఆ తేడా చెవిలోనే ఉంటుంది. నాకు ఉండేది కాదు.

అందుకని సంఘం పెద్దలు మమ్మల్ని టీచరుగారికి అప్పజెప్పారు. ఆవిడ తైవాన్‌లో బడిపంతులు. రిటైరై సన్నీబ్యాంక్‌లో ఉంటున్నా లోపలి బడి మాత్రం మూయలేదు. పాఠానికి వెళ్ళి బెల్లు కొడితే దోమతెర తలుపు వెనక నిలబడేవారు. నమస్కారం సరిగ్గా పలికేదాకా గడియ తీసేవారు కాదు. నా జోడీ ఒక్కసారికే లోపలికి వెళ్ళి, ఫ్యాను కింద కూర్చుని కుడుముల్లాంటి డంప్లింగ్స్ తింటుంటే, నేను వరండాలో చెమటలు కక్కుతూ అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పేవాణ్ణి. ఫోన్‌లో తప్పు పలికితే టక్కున పెట్టేసేవారు. మళ్ళీ చేసి సరిగ్గా అడగాలి.

వీటన్నిటినీ ఓర్చుకున్నాను. ప్రార్థన మధ్యలో దిద్దడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. ఆదివారం సంఘం అంతా తలలు వంచుకుని ఉంటే నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాను. ముందు వరసలోంచి "మళ్ళీ" అని వినిపించింది. కళ్ళు తెరవకుండానే సరిచేసుకుని ముందుకు వెళ్ళాను. ఇంకో వాక్యానికి ఇంకో "మళ్ళీ". వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు.

మీటింగయ్యాక కార్ పార్కులోకి వెళ్ళి అడిగేశాను, దేవుడికి అన్ని భాషలూ వచ్చు కదా, నా తప్పులు ఆయనకు అర్థం కావా అని.

"దేవుడికి వచ్చు, నీకు రాదు," అన్నారు టీచరుగారు. "ఆయనకి అర్థమవుతుందని నువ్వు బద్ధకంగా మాట్లాడితే అది మర్యాదేనా?"

ఆవిడ దగ్గర ఇలాంటివి చాలా ఉండేవి. నోరు తెరిస్తే సరిపోదు, ముందు చెవి తెరవాలి అనేవారు. తొందరగా మాట్లాడితే, ఎదుటి మనిషి మాట వినబుద్ధి కావట్లేదని ఒప్పుకున్నట్టే అనేవారు. ఆ రోజుల్లో ఇవి వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్ళకి ఇవే చెబుతున్నాను, నా సొంత మాటల్లాగా.

ఇక అంకుల్ సంగతి. పొడుగాటి మనిషి, మితభాషి. సన్నీబ్యాంక్‌లోనే చిన్న కంప్యూటర్ల దుకాణం నడిపేవారు. టీచరుగారు ఎప్పుడో బాప్తిస్మం తీసుకున్నారు, ఆయన తీసుకోలేదు. దేవుడితో ఆయనకు పేచీ లేదు, పేచీ అంతా టీతో. మా సంఘంలో టీ, కాఫీ తాగకూడదు. ఆయనకు తెల్లవారితే టీ, కస్టమర్ వస్తే టీ, పోతే టీ. గోదావరి జిల్లావాణ్ణి, టీ మానడమంటే ఏమిటో నాకూ తెలుసు. అందుకే ఆయన్ని ఒప్పించమని మా పైవాళ్ళు పంపినప్పుడల్లా నేను సగం మనసుతో వెళ్ళేవాణ్ణి. ఆయన నవ్వి, రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట కదా, అవి ఆగితే నేనూ ఆపుతానులే అనేవారు.

జనవరి ఒకటి వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. కొన్ని వారాల తర్వాత ఆయనే మమ్మల్ని దుకాణానికి పిలిచి, బాప్తిస్మం తీసుకుంటానన్నారు. మేం నమ్మలేదు. కారణం అడిగితే కీబోర్డు దుమ్ము తుడుస్తూ చెప్పారు.

"ఆవిడ మానేసినప్పటి నుంచి నేనొక్కణ్ణే తాగుతున్నాను. ఒక్కడే తాగే టీకి రుచి ఉండదు."

బాప్తిస్మం నా చేతుల మీదే జరగాలని అడిగింది కూడా ఆయనే. నా జోడీ అయితే మాట పొల్లుపోకుండా పలుకుతాడు, వాణ్ణి అడగండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తనకు నీళ్ళంటే భయమని, మునిగితే ఒక్కసారే మునగగలనని, అంతకుమించి ఊపిరి పట్టలేనని కూడా అప్పుడే చెప్పారు.

శనివారం పొద్దున సంఘం హాల్లో తొట్టి నింపాం. ఇద్దరం తెల్ల బట్టలు వేసుకుని నడుం లోతు నీళ్ళలో దిగాం. మా దగ్గర ఆ ప్రార్థన మాట తప్పకుండా చెప్పాలి, మనిషి పూర్తిగా మునగాలి. చూసేందుకు ఇద్దరు సాక్షులుంటారు. ఆ రోజు సంఘం పెద్ద, నా జోడీ సాక్షులు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామమున అని చెప్పి ఆయన్ని ముంచి లేపాను. సాక్షులిద్దరూ తలూపారు. ముందు కుర్చీలోంచి టీచరుగారు మాత్రం, "మళ్ళీ," అన్నారు.

మాండరిన్‌లో 'కుమారుడు' అన్న మాటను గొంతు దించి పలకాలి. లేపి పలికితే అది 'తాడు' అవుతుంది. నేను ఆ పెద్దమనిషికి తండ్రి, తాడు, పరిశుద్ధాత్మల నామమున బాప్తిస్మమిచ్చానన్నమాట. సంఘం పెద్ద ఫరవాలేదన్నారు, ఉచ్చారణ తప్పే గానీ మాట తప్పు కాదన్నారు. టీచరుగారు వినలేదు. అంకుల్ దగ్గుతూ, ముక్కులోంచి నీళ్ళు చీదుకుంటూ, కానీమన్నట్టు చెయ్యి ఊపారు. రెండోసారి చెప్పి ముంచాను. మళ్ళీ తాడే వచ్చింది. ఆయన్ని లేపేసరికి పెదవులు వణుకుతున్నాయి. ఆయన చేతివేళ్ళు నా భుజాన్ని గట్టిగా పట్టుకున్నాయి.

నాకు కోపం నషాళానికి అంటింది. "ఇంక నావల్ల కాదు," అని తెలుగులో అనేశాను. ఆ హాల్లో అది అర్థమయ్యేవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా అందరికీ అర్థమైంది.

టీచరుగారు లేచి వచ్చారు. తొట్టి అంచున, తడిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. పాఠం చెప్పే గొంతు కాదది. నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా అన్నారు.

"పెళ్ళయినవాళ్ళు పోయాక అక్కడ కూడా కలిసుంటారని మీవాళ్ళే నాకు నేర్పారు. నువ్వు తాడు పేరు చెప్పి వదిలేస్తే, రేపు అక్కడ నేను ఒక్కదాన్నే ఉండాలా?"

నా పక్కన అంకుల్ కూడా విన్నారనుకుంటాను. దగ్గడం ఆపి, ఆవిడ వైపు చూశారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, ఆ మాటను నెమ్మదిగా, గొంతు దించి పలికారు. నేను పలికాను. ఆయన ఇంకోసారి పలికారు, నేనూ పలికాను. అప్పుడు ఆయన ముక్కు మూసుకుని, తనంతట తానే కళ్ళు మూసుకున్నారు. ఆ మూడోసారి, కుమారుని నామం నా నోట సరిగ్గా పలికింది. తొట్టి అంచు నుంచి "మళ్ళీ" అన్న మాట రాలేదు.

ఆ ఏడాదే నా సేవ ముగిసింది. నేను సిడ్నీ వచ్చేసరికి అన్నయ్య చెప్పినట్టే మార్కెట్ నిజంగా పోయింది. ఉద్యోగానికి చాలాకాలం తిరిగాను. టీచరుగారూ అంకులూ సిడ్నీలోని మా ఆలయానికి వచ్చి, ఇకముందు ఎప్పటికీ భార్యాభర్తలుగా ఉండేలా మాట ఇచ్చుకున్న రోజున నేనూ వెళ్ళాను. వాళ్ళని అన్నయ్య కారులోనే తీసుకెళ్ళాను. ఆ రోజు కూడా నేను చెప్పిన శుభాకాంక్షల్లో టీచరుగారు రెండు తప్పులు పట్టారు.

పోయిన నెల ఆ ఆదివారం ఫోన్ పెట్టేసే ముందు అంకుల్‌ని, ఎలా ఉన్నారని అడిగాను. "తనే ముందు వెళ్ళింది. అక్కడివాళ్ళందరినీ దిద్దుతూ ఉంటుందిలే, నేను వెళ్ళేదాకా," అన్నారు.

నాకు ఆ బాప్తిస్మం రోజు మధ్యాహ్నమే కళ్ళ ముందు మెదులుతోంది. అందరూ వెళ్ళిపోయారు. నేనూ నా జోడీ తొట్టి ఖాళీ చేసి బయటికి వచ్చేసరికి వాళ్ళిద్దరూ కారు వైపు నడుస్తున్నారు. ఎండ మాడిపోతోంది. టీచరుగారు చిన్న పూల గొడుగు విప్పి, చెయ్యి బాగా పైకెత్తి, తడి జుట్టుతో ఉన్న ఆ పొడుగాటి మనిషి తల మీద పట్టుకున్నారు. ఆయన వంగి నడుస్తున్నారు. గొడుగు మొత్తం ఆయన వైపే ఒరిగి ఉంది. ఎండంతా ఆవిడ ముఖం మీదే పడుతోంది.