అమ్మ తూర్పు వైపు నిలబడిన సాయంత్రం

నేను దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. చిత్తూరులో మా వీధి భజన గుంపులో పెరిగి, పెద్దల దగ్గర భాగవతం చదువుకున్నవాణ్ణి. దేవుడు ఉండగా ఇంకొకరికి భయపడడం ఎందుకని నా నమ్మకం. ఈ సంగతి మాత్రం ఇన్నేళ్లూ భజనలో కూడా చెప్పలేదు.

మా తమ్ముడికి చిన్నప్పుడు మెదడు జ్వరం వచ్చింది. డాక్టర్లు ఆశ వదులుకున్నారు. బిడ్డ బతికితే తన ఇంట్లో సందె దీపం ఒక్కనాడూ తప్పనివ్వనని అమ్మ మొక్కుకుంది. వాడు బతికాడు. దీపం తప్పితే వాడికేమవుతుందోనని ఆ తర్వాత ఆమె ఊరు దాటలేదు.

తొంభైల చివర్లో వాడికి బొంబాయిలో ఉద్యోగం వచ్చింది. మా వైపు పొద్దు కొండల్లోకి దిగుతుంది. సముద్రంలో మునిగే సూర్యుణ్ణి అమ్మకు చూపించాలని వాడి పట్టుదల. అక్కడ ఆకాశమంత భవనం, పైన జనం నిలబడి చూసేందుకు చుట్టూ అద్దాల వరండా. ముందే టికెట్లు కొని, ఎప్పుడు బయల్దేరాలో, ఎటువైపు నిలబడాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు.

"దీపానికి నాలుగు రోజులు సెలవియ్యి మా."

"సెలవులు నీ ఆఫీసులో రా. దీపానికి యాడివి?"

చివరికి పక్కింటి రాజమ్మ పూచీపడింది. మా ఇంటికున్న ఒక్క తాళంచెవీ ఆమె నడుముకే కట్టి, అమ్మను తీసుకుని అన్నదమ్ములం బొంబాయి బయల్దేరాం.

ఆ సాయంత్రం జనమంతా పడమటి అద్దం దగ్గర గుమిగూడారు. అమ్మ కనిపించలేదు. వెతికితే, ఎవరూ లేని తూర్పు వైపు, మా ఊరి దిక్కుకు తిరిగి ఒంటరిగా నిలబడి ఉంది. రెండు అరచేతులూ గుండెల ముందు దోసిలిలా మూసి పట్టుకుంది.

"ఏంది మా ఇది?" అన్నాడు తమ్ముడు.

"గాలికి పోతాదిరా. ఉండు."

అన్ని వైపులా మూసిన అద్దాలు. గాలి ఎక్కడిది? కాసేపటికి చేతులు విప్పింది. వేళ్లకు మసి, నువ్వుల నూనె జిడ్డు. తమ్ముడు తన రుమాలుతో తుడిచాడు. ఆ వాసన నేనూ చూశాను.

ఊరికి రాగానే రాజమ్మ అమ్మ కాళ్లమీద పడింది. "తప్పయిపోయిందక్కా! ఆ పొద్దు కూతురికి బాగలేదని నగరిలో వాళ్లింటికి పోతి. బస్సు చెడిపోయి రాలేకపోతి. తెల్లారి వచ్చి తలుపు తీస్తే, నేను ఏసిపెట్టిన వత్తి కాలిపోయి ఉండాది. కుందిలో నూనె సుక్క లేదు. తాళం ఏసింది ఏసినట్టే, చెవి నా దగ్గరే!"

అది ఏ రోజని అడిగాను. మేం మేడ ఎక్కిన రోజే.

అమ్మ ఆమెను లేవదీసి, దీపానికి మొక్కి, మా వైపు తిరిగింది. "నేను పొద్దు మునిగేది సూడనే లేదు కదరా. ఇంకోసారి పోదామా?"

మరుసటి ఏడు పోయాం. ఈసారి అమ్మ పడమటి వైపే నిలబడి, సూర్యుడు నీళ్లలోకి పూర్తిగా దిగేదాకా కదల్లేదు.

దేవుడు అంతటా ఉన్నాడని భజనలో నేనే ఎన్నోసార్లు చెప్పాను. అయినా తాళం వేసిన ఇంట్లో ఆ వత్తి ముట్టించింది దేవుడో, అమ్మో, ఇంకెవరో. తమ్ముడు చల్లగా ఉన్నాడు. ఎవరైతేనేం, వాళ్లకు రోజూ సందెవేళ ఒక దండం పెడుతున్నాను.