పత్తి బేళ్ల నడుమ ఒక బాణీ

"సంగీతం ఉండాలి, కానీ ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు" అన్నాడు డైరెక్టరు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా మా ఇంట్లో నేను బతుకుతున్న పద్ధతి అదే కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. హైదరాబాదు నుంచి ఒక బృందం వచ్చి ఎమ్మిగనూరు మగ్గాల మీద పది నిమిషాల డాక్యుమెంటరీ తీసింది. సినిమా హాళ్లలో అసలు బొమ్మకు ముందు వేస్తారే, ఆ రకం. దాని వెనక వినిపించడానికి సంగీతం కావాలన్నారు. నేను ఆదోనిలో పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవాణ్ణి. నాటకాలు ఆడేవాళ్లు తగ్గిపోవడంతో తీరిక మాత్రం పుష్కలంగా ఉండేది. రెండు రోజులు మగ్గం పక్కన కూర్చుని, ఆ చప్పుడు నడకకు సరిపోయేలా మూడు నిమిషాల బాణీ కట్టాను.

ఊదడానికి మా ఊరి బ్యాండుమేళం ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లు పెళ్లి ఊరేగింపుల ముందు క్లారినెట్ ఊదిన మనిషి. ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఇక ఊదొద్దని డాక్టరు చెప్పి అప్పటికి నెల.

"ఇదొక్కటి ఊదుతా" అన్నాడు. "ఇన్నేండ్లూ ఊదిండేదంతా సినిమావోళ్ల పాటలే అప్పా. మా ఇంటామె ఒక్కనాడన్నా 'ఇది మీ పాట' అన్లేదు. ఎట్లంటాది? నాదొకటి ఉంటే గదా! ఇదొకటి ఆమెకు ఇనిపించి పెట్టె మూసేస్తా."

"పాట కట్టింది నేను ఉస్తాద్."

"కడితివిలే. ఊపిరి ఎవురిది?"

నా ఊపిరికి అప్పటిదాకా గిరాకీ లేదు.

రికార్డు చేయడానికి చోటు దొరకలేదు. లాడ్జి గదిలో బస్సుల హారన్లు, బడిలో పిల్లల ఎక్కాలు. చివరికి బృందంలోని టేపు మనిషి ఒక జిన్నింగు మిల్లు గోడౌనులోకి వచ్చి చప్పట్లు కొట్టి చూశాడు. చప్పుడు పుట్టినచోటే చచ్చింది. కప్పు దాకా పేర్చిన పత్తి బేళ్లు దాన్ని మింగేశాయి. ఇంత మంచి నిశ్శబ్దం మద్రాసులో కూడా లేదని ఆయన పొంగిపోయాడు. ఆదోని నుంచి బయటి ఊళ్లకు పంపదగ్గ సరుకు ఇంకొకటి బయటపడిందని నేనూ సంతోషించాను.

అయితే బేళ్లు చప్పుడును మింగాయి గానీ పత్తి నూగును మింగలేదు. గాలిలో తేలే ఆ నూగుకు ఉస్తాద్ మొదటిసారి సగంలో దగ్గాడు. రెండోసారి చివర్లో. మూడోసారి దగ్గును గొంతులోనే అదిమిపెట్టి, కళ్ల నుంచి ధారగా నీళ్లు కారుతుంటే మూడు నిమిషాలూ ఊదాడు. "ఎంత అనుభూతి!" అని డైరెక్టరు కూడా కళ్లు తుడుచుకున్నాడు. టేపు ఆగగానే ఆ అనుభూతి బేళ్లకు ఆనుకుని పావుగంట దగ్గింది.

కొన్ని నెలలకు ఆ రీలు ఆదోనికి వచ్చింది. ముగ్గురం మ్యాట్నీకి పోయాం. ఉస్తాద్ ఇత్తడి గుండీల బ్యాండు కోటు ఇస్త్రీ చేయించి వేసుకున్నాడు. ఆయన భార్య ఆడవాళ్ల వైపు కూర్చుంది. ఇలాంటి రీలు అంటే మా ఊరి జనం దృష్టిలో బీడీ తాగడానికి ఇచ్చిన వ్యవధి. హాలు సగం ఖాళీ.

తెర మీద మగ్గం కదిలింది. వెంటనే ఒక కంచుగొంతు చేనేత ఘనతను అందుకుంది. అందుకున్నది వదల్లేదు, మధ్యలో గుక్క తిప్పుకోలేదు. దాని అడుగున ఎక్కడో దోమ రొద పెట్టినట్టు ఏదో ఉంది. అది మా క్లారినెట్టో, హాల్లో ఫ్యానో తేల్చుకునేలోపు రీలు అయిపోయి తెర మీద జెండా ఎగిరింది. డైరెక్టరు మాట మీద నిలబడే మనిషి.

ఆ తర్వాత మూడు గంటల అసలు సినిమా. బయటికి రాగానే ఆమె, "బొమ్మంతా అయిపాయె, మీ పాట రాకపాయె" అంది. మూడు గంటలూ దానికోసమే చూస్తూ కూర్చుందట. "మొదట్లో మాట్లాడినాడే, ఆ సాబు గొంతు మాత్రం శానా బాగుండాది."

"వచ్చింది, పోయింది" అన్నాడు ఉస్తాద్. జట్కా ఎక్కాక నావైపు తిరిగాడు. "అప్పా, నువ్వు రవ్వంత కూనిరాగం తియ్యి. ఆమె ఇంటాది."

నోరు తెరిచాను. ఒక ముక్క వచ్చింది, రెండో ముక్క ఎటో తిరిగిపోయింది.

"అది కాదప్పా, అది ఇప్పుడు హీరో పాడినాడే, ఆ పాట."

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి తలలో కంచుగొంతు తప్ప ఏమీ లేదు. కట్టింది నేనే. రాసిపెట్టుకోలేదు, ఆ తర్వాత ఒక్కసారైనా వాయించుకోలేదు. ఇక ఉస్తాదే అందుకోబోయాడు. పెదాల మధ్య నుంచి రెండు స్వరాలు గాలిలా వచ్చి దగ్గులో పడిపోయాయి.

ఆమె ఆయన వీపు నిమురుతూ, "తెలిసిందిలే. బాగుండాది" అంది.

"నువ్వు ఇన్లేదు గదా" అన్నాడు ఉస్తాద్, దగ్గు తగ్గాక. "ఎందుకు అట్ల సెప్తావు?"

ఆమె చెయ్యి తీసేసింది. మా వీధి మలుపు ఇంకా రాలేదు గానీ, నేను జట్కా ఆపించి దిగిపోయాను.