ఎడమవైపు కనిపించని టైలర్

1984లో ఒకే మనిషికి నాలుగు నెలల్లో మూడు జతల కళ్లద్దాలు అమ్మాను. జనగామ స్టేషన్ రోడ్డు మీద ఇంత ఘనకార్యం చేసిన షాపువాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. రెండో జత మీద అయిదు రూపాయలు తగ్గించిన దయ కూడా నాదే.

మాది కిరాణా ఇల్లు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతపడితే మా నాయిన నన్ను గల్లా ముందు కూర్చోబెట్టాడు. బేరం అక్కడే వంటబట్టింది. అద్దాల పని తర్వాత వరంగల్‌లో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. ట్రయల్ ఫ్రేమ్ అంటే ఖాళీ చట్రం. అందులో ఒక్కో అద్దం మారుస్తూ చార్ట్ చదివిస్తాం. ఏ అద్దంతో చదవగలిగితే అదే నంబరు.

దేవరుప్పుల ఊరి టైలర్ యాకయ్య, నలభై ఏళ్లవాడు, సూదిలో దారం ఎక్కడం లేదని వచ్చాడు. పొద్దున లేస్తే తలనొప్పి అని కూడా చెప్పాడు. చార్ట్ మీద ప్రతి వరుసలో చివరి అక్షరాలే చదివాడు. ఏ కన్ను మూసినా అంతే. తొందరలో ఉండి మొదటివి ఎగ్గొడుతున్నాడనుకుని నంబరు పెంచాను. నెలన్నరకు మళ్లీ వచ్చాడు, మళ్లీ పెంచాను. ఆ తర్వాత ఇంకోసారి.

మూడో జత తీసుకున్న కొన్నాళ్లకు ఆయన భార్య ఎల్లమ్మ ఆయనను వెంటబెట్టుకుని వచ్చింది. వాంతులు మొదలయ్యాయట. గొడవకొచ్చిందనుకుని వాపసు తీసుకోననే మాట నోట్లో సిద్ధం చేసుకున్నాను. ఆమె అద్దాల సంగతే ఎత్తలేదు.

“సేటూ, పళ్లెంల కుడిదిక్కే తింటుండు. ఎడమదిక్కు బువ్వ అట్లనే ఉంటది. మళ్ల ఇంకింత బెట్టుమంటడు.”

యాకయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి, నా ముక్కు వైపే చూడమని, పక్కలకు వేళ్లు ఆడించాను. తన కుడివైపు వేళ్లు లెక్కపెట్టాడు. ఎడమవైపు నా చెయ్యే లేదన్నాడు. ఏ కంటితో చూసినా అదే. ఒక కంట్లో లోపమైతే నా పని. రెండు కళ్లకూ ఒకే పక్క చూపు పోయిందంటే లోపం తలలో ఉందని వరంగల్ పెద్దాయన మొదట్లోనే చెప్పాడు. ఆ పాఠం నాకు మూడు జతలు అమ్మాక గుర్తొచ్చింది.

హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోదామంటే, పెళ్లిళ్ల బట్టలు కుట్టిచ్చి వస్తానని యాకయ్య పది రోజులు అడిగాడు. నేను ఒక్క రోజు కూడా ఇవ్వలేదు. మరునాడు షాపు మూసి ముగ్గురం హైదరాబాద్ రైలెక్కాం.

స్కాన్ అప్పటికి కొత్త. తలను పొరలు పొరలుగా ఫొటో తీస్తుంది. మెదడులో కుడివైపు గడ్డ ఉంది, త్వరగా పెరిగే రకంలా ఉంది అన్నాడు డాక్టరు. దారులు రెండే చెప్పాడు. మాత్రలతో వాపు తగ్గించుకుంటే తలనొప్పి పోయి కొన్ని వారాలు తేలిగ్గా గడుస్తాయి. లేదంటే ఆపరేషన్‌లో తీయగలిగినంత తీసి, ఆరు వారాలు రేడియేషన్ ఇవ్వాలి. మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. దానివల్ల కొన్ని నెలలు కలుస్తాయి. గడ్డ పూర్తిగా పోదు, పోయిన చూపు రాదు, ఆపరేషన్‌లోనే ప్రాణం మీదికి రావచ్చు.

నేను బేరానికి దిగాను. ఏడాదైనా చెప్పండి సార్ అన్నాను. ఆయన ఆరు నెలల దగ్గర్నుంచి కదల్లేదు. పోనీ పది అన్నాను. యాకయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఊకో సేటూ. ఆయన తాన ఉంటే ఇయ్యడా?” అని డాక్టరు వైపు తిరిగాడు. “సారూ, దేంట్ల పనిజేసుకునే దినాలు ఎక్కువొస్తయి? ఈమెకు కటింగ్ నేర్పాలె. కుట్టుడొస్తది గని కత్తెర పట్టరాదు.”

ఆపరేషన్, కరెంటు అన్నాడు డాక్టరు.

“గదే చెయ్యిండ్రి.”

నేను వెనక ఉండిపోయి, మొదటిసారే పంపి ఉంటే ఏమయ్యేదని అడిగాను. అప్పుడైనా నయమయ్యేది కాదన్నాడు. చూపు కొంత మిగిలేది, ఒంట్లో బలముండేది అన్నాడు.

ఆపరేషన్, కరెంటు అయిపోయి ఇంటికొచ్చాక ఎల్లమ్మ గుడ్డను ఆయన కుడిపక్కకు జరిపి పరిచేది. ఆయన సుద్దతో గీసేవాడు, ఆమె కత్తిరించేది. తొలి రెండు చొక్కాలు పాడయ్యాయి. మూడోది నేనే తొడుక్కున్నాను, ఒక చెయ్యి కాస్త పొట్టి.

అప్పటినుంచి ఎవరొచ్చినా చార్ట్ కంటే ముందు వేళ్లు ఆడిస్తాను. తేడా ఉంటే అద్దాలు అమ్మను, దవాఖానకు చీటీ రాస్తాను.

ఇక లెక్క. ఆపరేషన్ తర్వాత యాకయ్య తొమ్మిది నెలలు బతికాడు. అందులో ఎల్లమ్మకు పని నేర్పినవి అయిదు. అవి ఆయన, డాక్టరు, ఎల్లమ్మ కలిసి సంపాదించినవి, వాటిలో నాకు వాటా లేదు. అంతకు ముందు చూపు తగ్గుతూ, తలనొప్పితో, నా అద్దాల వెనక గడిచినవి నాలుగు. ఆ నాలుగూ నావే.