నాయనమ్మకు వచ్చిన జ్వరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానాలన్నీ మా నాయనమ్మవే. పాలాయన ఓ రోజు కాస్త నవ్వుతూ పలకరిస్తే, పాలల్లో నీళ్ళు ఎక్కువ కలిపి ఉంటాడని తేల్చేసేది. అలాంటి మనిషికి మా అన్నయ్య రోజూ ఫోన్లో తను చేసిన వంటల పేర్లు వినిపించేవాడు. హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం, గోపన్‌పల్లిలో కిరాయి గది. ఒకరోజు గుత్తి వంకాయ అనేవాడు, ఇంకోరోజు బెండకాయ వేపుడు అనేవాడు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగి ఎరగడు. నాయనమ్మ అన్నిటికీ ఊఁ కొట్టి, ఫోన్ పెట్టేశాక, వంకాయ ఎట్లా కోయాలో వీనికి తెలుసా అని నన్ను నిలదీసేది.

నాన్న పెట్టిన షరతు ఒకటే. సొంతంగా వండుకుని నెగ్గుకొస్తేనే ఆ గది, లేదంటే జీడిమెట్లలో మా మేనత్త ఇంటికి మారిపోవాలి. అన్నయ్యకేమో ఆ గదంటే ప్రాణం.

ఒక ఆదివారం నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా బయలుదేరింది. గదిలోకి వెళ్ళీ వెళ్ళగానే పోపుల డబ్బా మూత తీసింది. ఆవాలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. మూకుడుకి అంటించిన స్టిక్కర్ ఇంకా ఊడలేదు. చెత్తబుట్ట నిండా కర్రీ పాయింట్ కవర్లు. అన్నం ఒక్కటీ వండుకుని కూరలు కొనుక్కుంటున్నాడని నాకే అర్థమైపోయింది. అన్నయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇక గది పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది.

నాయనమ్మ డబ్బా మూత పెట్టేసింది. చాప పరుచుకుని దుప్పటి కప్పుకుని పడుకుంది.

"పానం మంచిగ లేదు బిడ్డా. జరమొచ్చినట్టుంది. జర చారు కాచి పెట్టు."

నాకు నమ్మకం కుదరలేదు. బస్సులో దారి పొడవునా పల్లీలు నమిలిన మనిషికి ఇంతలోనే జ్వరమేమిటి? నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. నేను నోరు తెరవబోతే దుప్పటి కింద నుంచి గట్టిగా గిల్లింది. అన్నయ్య కూడా వచ్చి చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి చూశాడు. తరవాత పొయ్యి దగ్గరికి వెళ్ళాడు.

చింతపండు ఎంత వెయ్యాలని అడిగితే నాయనమ్మ మూలుగుతూనే చెప్పింది. పోపు మాడింది. మళ్ళీ పెట్టాడు. ఉప్పు ఎక్కువైందని నీళ్ళు పోశాడు, నీళ్ళెక్కువయ్యాయని ఉప్పు వేశాడు. ముగ్గురికి సరిపోవాల్సిన చారు వాడకట్టుకంతా సరిపోయేటంత అయింది. నాయనమ్మ మొహం చిట్లించకుండా గ్లాసుడు తాగింది. బాగుందని కూడా అంది. దాన్నీ నేను నమ్మలేదు.

సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు ఉండబట్టలేక అన్నయ్య చెవిలో చెప్పేశాను, నాయనమ్మకు జ్వరం గిరం ఏమీ లేదని.

"నాకెరుకే. గని నిజంగ జరమే ఉంటే ఏం పెడుదును? గా కర్రీ పాయింట్ కూరనా?" అన్నాడు.

ఇంటికి వచ్చాక నాయనమ్మ నాన్నతో, వాడు వంట నేర్చుకుంటున్నాడు, ఫికర్ పెట్టుకోవద్దని మాత్రం చెప్పింది. గది నిలబడింది. ఆ తరవాత అన్నయ్య ఫోన్లో వంటల పేర్లు చెప్పడం మానేసి, ఎలా వండాలో అడగడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మా ఇంటి పిల్లలు వేరే గది తీసుకుంటామంటే అనుమానపడటం నా వంతు. తమ పొట్ట తాము నింపుకుంటారా అని నేనెప్పుడూ అడగను. అది ఎలాగో నిండుతుంది. ఒంట్లో బాగోలేని మనిషి ఎవరైనా తమ గుమ్మంలోకి వస్తే లేచి పొయ్యి వెలిగించగలరా, అదొక్కటే అడుగుతాను.