రుద్రాక్ష అంచుకు లైసెన్సు

2023 వేసవి. ఆదోనిలో మధ్యాహ్నం పూట దుకాణానికి మనుషులు రావడం మానేసే రోజులు. మా దుకాణంలో ముందు గది మా ఆయనది; కంప్యూటర్లు విప్పి బాగుచేస్తుంటాడు. వెనక బల్ల నాది, లైసెన్సులు అమ్ముతాను. ఈ రెండో పని ఏమిటో మా చుట్టాలకే ఇంతవరకు సరిగా అర్థం కాలేదు కాబట్టి ముందుగా చెప్పేస్తాను. సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా ఎవరూ పూర్తిగా కొనుక్కోరు, దాన్ని వాడుకునే అనుమతిని కొంటారు. ఎన్ని కంప్యూటర్లలో, ఎన్నాళ్ళు, ఏ పనికి అని షరతులు రాసి ఉన్న ఆ అనుమతే లైసెన్సు. అది లేకుండా ఎక్కించుకున్నది దొంగ కాపీ. మా ప్రాంతంలో దొంగ కాపీ అంటే చాలామందికి చీమ కుట్టినట్టయినా ఉండదు. వచ్చినవాళ్ళలో సగం మంది "మీ ఆయన లేడామ్మా?" అంటారు, మిగతా సగం "ఎట్లైనా వేసియ్యమ్మా" అంటారు. నాకు రెండు మాటలకూ ఒళ్ళు మండేది.

ఆ మధ్యాహ్నం ఎమ్మిగనూరు బస్సు దిగి వచ్చిన పెద్దాయన ఆ రెండు మాటలూ అనలేదు. లైసెన్సులు ఇచ్చేది నువ్వేనా తల్లీ అని అడిగి, నా ఎదురుగానే కూర్చున్నాడు. అందుకే ఆయన మీద మొదటి నిమిషంలోనే గౌరవం కలిగింది.

పేరు వీరభద్రప్ప. నేత కుటుంబం. తన మగ్గాల షెడ్డు మూతపడ్డాక, మగ్గం గుంటలు పూడ్పించి అందులోనే చిన్న బడి పెట్టాడు. వచ్చేది ఎక్కువగా నేతగాళ్ళ పిల్లలే. ఊళ్ళో పెద్ద పెద్ద స్కూళ్ళుండగా వాళ్ళు ఈ షెడ్డుకు రావడానికి ఒకటే కారణం, తక్కువ ఫీజుకే కంప్యూటర్ ల్యాబ్. ఆ ల్యాబ్‌లోవన్నీ ఎక్కడో వాడి పక్కన పెట్టిన పాత కంప్యూటర్లు. వాటిని అమ్మినవాడు సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వేసిచ్చానని చెప్పాడట. ఈయన ఆ మాట నమ్మి, అతనికి పండ్లు కూడా ఇచ్చి పంపాడు.

బడి వార్షికోత్సవం రోజు తల్లిదండ్రులను ల్యాబ్‌లోకి తీసుకెళ్ళి చూపిస్తుండగా తెరలు నల్లబడిపోయి, మూలన ఇంగ్లీషులో ఒక వాక్యం కనపడింది. అదేమిటని ఒక తల్లి అడిగింది. కంప్యూటర్ టీచర్ షమీమ్‌కు అబద్ధమాడటం చేతకాదు. ఇది అసలుది కాదు, నకలు అని రాసి ఉందమ్మా అని ఉన్నమాట చెప్పేసింది.

ఇంకెవరైనా అయితే నవ్వేసి ఊరుకునేవాళ్ళు. ఈయన ఊరుకోలేడు. చాలా ఏళ్ళ కిందట వీరభద్రప్ప సొంతంగా ఒక అంచు కల్పించాడు. వరసగా జొన్న కంకులు, మధ్య మధ్య చిలకలు. ఆ చీర అంగడికెక్కిన కొన్నాళ్ళకే దాన్ని ఎవరో కరెంటుతో నడిచే పవర్‌లూమ్ మీద దింపి సగం ధరకు అమ్మేశారు. అప్పటినుంచి నేతగాళ్ళు ఎక్కడ నలుగురు కూడినా లేచి నకలు గురించి మాట్లాడేది ఈయనే. అలాంటి మనిషి బడిలో, అదే నేతగాళ్ళ ముందు ఈ మాట బయటపడింది. మనదీ పవర్‌లూమే గదా అని వెనకనుంచి ఎవరో అన్నారట, అందరూ నవ్వారట.

"డబ్బు పోయిందని కాదు తల్లీ అప్పుడు నేను ఏడ్సింది," అన్నాడు వీరభద్రప్ప. "ఒక్క మాట అడిగింటే నేనే ఇచ్చుందును. అడగల్యా. ఇప్పుడు నేనూ అడగకుండా తీసుకున్నోన్నే అయిపోతిని."

జూన్‌లో బడి తెరిచేలోగా అన్ని కంప్యూటర్లలోనూ అసలుది వేయాలి, లేదంటే ల్యాబ్‌కు తాళం వేస్తానని తేల్చి చెప్పాడు. ల్యాబ్ లేకపోతే పిల్లలు చేరరు, పిల్లలు చేరకపోతే బడే ఉండదు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. అప్పటికే ఒక డీలరును అడిగితే అతను ఒక్కో కంప్యూటర్‌కు విడిగా కొనే పూర్తి ధర చెప్పాడు. మొత్తం కలిపితే ఆ పాత కంప్యూటర్ల ఖరీదు దాటిపోయింది. చారాణా కోడికి బారాణా మసాలా. ఆ మసాలా కోసం ఈయన బడి వెనక పిల్లలు ఆడుకునే స్థలం అమ్మడానికి సిద్ధపడ్డాడు.

అమ్మొద్దు, ఏమీ కొనొద్దు, ముందు నన్ను బడి చూడనివ్వండి అన్నాను. కొనడానికి వచ్చినవాణ్ణి కొనొద్దనడం ఏం వ్యాపారమని మా ఆయన ముందు గదిలోంచి ఒక చూపు చూశాడు. చూడనీ అనుకున్నాను.

ఎమ్మిగనూరు వెళ్ళి సగం రోజు ఆ షెడ్డులో కూర్చున్నాను. మా వృత్తిలో నేను నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఏం కావాలని అడగను, ఏం చేస్తారని అడుగుతాను. షమీమ్ టీచర్ అన్నీ చూపించింది. పిల్లలు తెలుగు, ఇంగ్లీషు టైపు చేస్తారు, పట్టికలు వేస్తారు, బొమ్మలు గీస్తారు. గళ్ళ కాగితం లాంటి తెర దొరికేసరికి పిల్లలు దాంట్లో గీసినవన్నీ చీరల అంచులే. వీటిలో దేనికీ డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఓపెన్ సోర్స్ అని ఒక రకం ఉంటుంది. తయారుచేసినవాళ్ళే ఎవరైనా వాడుకోవచ్చని అనుమతి ఇచ్చి వదిలినది. చట్టప్రకారం నిక్షేపంగా చెల్లుతుంది, పాత కంప్యూటర్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. ఆఫీసు గదిలో ఫీజుల లెక్కలు చూసే ఒక్క కంప్యూటర్‌కు మాత్రం కొన్నది కావాలి. దానికి బడులకు తక్కువ ధరకిచ్చే అకడమిక్ లైసెన్సు ఉంది. గుర్తింపు ఉన్న బడి అని కాగితం చూపిస్తే చాలు. అలా ఒకటి కొంటే పని అయిపోతుంది, స్థలం జోలికి పోనక్కర్లేదు.

ఈ మాట చెబితే ఆయన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఫ్రీ అన్న మాట వినగానే లేచి నిలబడ్డాడు.

"వాడూ ఫ్రీ అనే గదమ్మా వేసిచ్చింది. బిల్లు లేని సరుకు నాకొద్దు. రేపు ఎవురన్నా అడిగితే ఏం సూపియ్యల్ల?"

పాము కరిచినవాడు తాడును చూసినా జంకుతాడు, అది నాకూ తెలుసు. అయినా వాదించాను. ప్రపంచమంతా వాడుతున్నారన్నాను. దొంగ కాపీ కూడా ప్రపంచమంతా వాడుతోందన్నాడు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఉందన్నాను. పెద్దోళ్ళు చేసిందల్లా న్యాయమా అన్నాడు. నాకు కోపం వచ్చింది. అంత ఖరీదు పెట్టి కొనుక్కుంటే నాకేం నష్టం, కమీషన్ వస్తుంది కదా అనుకుని సంచీ చేతిలోకి తీసుకున్నాను.

షమీమ్ అడ్డం వచ్చింది. "మేడం, ఆ ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఏముందో సార్‌కు సదివి సెప్పండి. ఆయప్ప సదవకుండా దేనికీ సంతకం పెట్టడు."

ఎవరూ లైసెన్సు చదవరు. అడుగున 'ఒప్పుకుంటున్నాను' అన్న చోట నొక్కి ముందుకు పోతారు. ఇన్నేళ్ళలో దాన్ని చదివి వినిపించమని నన్ను అడిగినవాళ్ళు లేరు, నిజం చెప్పాలంటే నేను కూడా మొదటినుంచి చివరిదాకా చదివింది లేదు. తెరిచి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసుకుంటూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"పక్కనోనికి కూడా ఇయ్యొచ్చునా?" అని మధ్యలో ఆపాడు.

"ఇవ్వొచ్చు."

"మార్సుకోవచ్చునా?"

"మార్చుకోవచ్చు. చేసినవాళ్ళ పేరు మాత్రం చెరపకూడదు. మీరు మార్చి ఇంకొకరికిస్తే, మీకిచ్చిన హక్కే వాళ్ళకూ ఇవ్వాలి. నాది అని దాచుకోకూడదు."

ఆయన కళ్ళు తెరిచాడు. "రుద్రాక్ష అంచు మాదిరి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచాడు. రుద్రాక్ష గింజల వరసలా కనిపించే ఆ చీర అంచు మొదట నేసినవారెవరో ఎవరికీ తెలియదు. తాతల కాలం నుంచి ఎవరి మగ్గం మీద వాళ్ళు నేస్తున్నారు. దానికి బిల్లు అడిగినవాడు లేడు, నేసినవాణ్ణి దొంగ అన్నవాడూ లేడు. నేను నేశాను కాబట్టి ఇక నువ్వు నేయకూడదని ఒకరినొకరు ఆపరు.

"దీన్నీ అడక్కముందే అందరికీ రాసిచ్చినారన్నమాట," అన్నాడు. "అట్లయితే వెయ్యి తల్లీ."

నేను గంటసేపు గొంతు చించుకున్నా తేలనిది, లైసెన్సు చదివితే తేలిపోయింది. నా సరుకు గురించి ఆయన నాకే చెప్పినట్టయింది.

మే నెలంతా పని. మా ఆయన పాతవన్నీ చెరిపి కొత్తవి ఎక్కించాడు. ప్రింటరు మొండికేసింది. షమీమ్ దాచుకున్న పాత ప్రశ్నపత్రాలు కొత్తదాంట్లో తెరిస్తే వరసలు చెదిరిపోయాయి. పాపం, ఎండలో రోజూ వచ్చి వాటిని సర్దుకుంటూ, కొత్తది నేర్చుకుంటూ, ఒకరోజు ఇంత కష్టం ఎందుకొచ్చింది మేడం అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు మళ్ళీ అందరికంటే ముందే వచ్చింది. ఆఫీసు కంప్యూటర్‌కు కొన్న ఒక్క అకడమిక్ లైసెన్సుకు నేనిచ్చిన బిల్లును వీరభద్రప్ప అద్దం కట్టించి దేవుడి పటం పక్కన తగిలించాడు.

జూన్‌లో బడి తెరిచే ముందు ఆయన తల్లిదండ్రులందరినీ మళ్ళీ అదే ల్యాబ్‌లో కూర్చోబెట్టాడు. అందరూ నవ్విన చోటే జవాబు చెప్పాలని ఆయన పట్టుదల. ఆ లైసెన్సు మళ్ళీ తెలుగులో చదవమన్నాడు. చదివాను. నాకు వృత్తిలో అంత శ్రద్ధగా విన్న సభ ఇంకొకటి లేదు. మా ఇంటి కంప్యూటర్‌కూ వేసుకోవచ్చునా అని ఒకాయన అడిగాడు, వేసుకోవచ్చన్నాను. పిల్లల్ని ఇక్కడే ఉంచుతామని చాలామంది అప్పుడే చెప్పారు. వీరభద్రప్ప ముఖంలో రెండు నెలల బరువు దిగిపోవడం చూశాను.

అందరూ లేవబోతుండగా వెనక వరసలోంచి ఓబులేసు అనే నేతగాడు నిలబడ్డాడు. వార్షికోత్సవం రోజు మనదీ పవర్‌లూమే అన్నది అతనేనని అతనే ఒప్పుకున్నాడు. తర్వాత కాస్త తడబడుతూ అడిగాడు.

"పెద్దాయప్పా, నీ జొన్న కంకి అంచు నేను నేసుకుందునా? శానా ఏండ్ల నుంచి మనసుంది. నిన్ను అడగాలంటేనే భయం."

లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. వీరభద్రప్ప అతని దగ్గరకు నడిచాడు.

"అడిగినావు గదప్పా," అన్నాడు. "నేసుకో."

ఆ ల్యాబ్ ఇప్పటికీ నడుస్తోంది. ఓబులేసు నేసిన మొదటి చీర నేనే కొన్నాను. కట్టుకోవడానికి మనసొప్పక దుకాణంలో నా బల్ల వెనక అద్దాల బీరువాలో పెట్టాను. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఎట్లైనా వేసియ్యమ్మా అంటే నాకు మునుపటిలా ఒళ్ళు మండదు. లైసెన్సు అంటే షరతుల చిట్టా అని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చిన నాకు, అది ముందు ఒక మనిషి ఇంకొక మనిషిని అడగడమని వీరభద్రప్ప వల్ల తెలిసింది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఆ చీర అంచు చూపించి, ఇది అడిగి నేసింది అని మొదలుపెడతాను.