లీనా బీరి పెరట్లో గడలు

లీనా బీరికి ఎనిమిదేళ్లు, ఆమె తమ్ముడు కోబీకి ఆరేళ్లు ఉన్నప్పుడు ఊరి పంచాయతీ గుమస్తా వాళ్లింటికి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. గుమ్మం దగ్గర బూట్లకంటిన బురద దులుపుకున్నాడు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, పిల్లలిద్దరికీ చెరో పిప్పరమెంటు ఇచ్చాడు. తండ్రి పోయి అప్పటికి ఏడాది కాలేదు. తల్లి నాలుగిళ్ల బట్టలు ఉతికి పిల్లల్ని సాకుతోంది.

"చలికాలం వస్తోంది కదమ్మా. పిల్లలకు పంచాయతీ తరఫున బూట్లు ఇప్పిస్తాం. ఇక్కడో సంతకం పెట్టు" అన్నాడు.

తల్లికి చదువు అంతంత మాత్రం. తడిచేతులు తుడుచుకుని పెట్టింది.

ఎనిమిదో రోజున రెండు బళ్లు వచ్చాయి. ఒకటి లీనాను కొండకు ఇవతల ఒక పాడి రైతు ఇంటికి తీసుకుపోయింది. రెండోది కోబీని కొండకు అవతలికి. ఆ రోజుల్లో స్విట్జర్లాండ్‌లో పేదల పిల్లల్ని అలా రైతుల ఇళ్లలో పనికి పెట్టడం మామూలే. తప్పని చాలామందికి తోచలేదు, తోచినవాళ్లు నోరెత్తలేదు. బూట్లు మాత్రం నిజంగానే ఇచ్చారు.

తర్వాత ఇరవై మూడేళ్లు ఆమె తమ్ముణ్ణి చూడలేదు. పదహారో ఏట బెర్న్ నగరానికి వచ్చి, ఒక ముసలావిడ దర్జీ షాపులో కర్టెన్లు కుట్టే పనిలో చేరింది. ప్రతి ఆదివారం రైలెక్కి ఏదో ఒక ఊళ్లో దిగి, పొలం పొలం తిరిగి అడిగేది. కొందరు తలుపు తీశారు, కొందరు కుక్కను వదిలారు. చివరికి ఒక హోమ్‌లో, మతి సరిగా లేనివాళ్ల మధ్య, కోబీ దొరికాడు. అతని మతికి ఏమీ కాలేదు. రైతు కొట్టిన దెబ్బకు ఒక చెవి పోయింది, కొత్తవాళ్లతో మాట్లాడటం మానేశాడు, అంతే. అది చాలింది, లోపల పెట్టడానికి.

అతన్ని బయటికి తేవడానికి సంరక్షణ ఆఫీసు ఒక కాగితం ఇచ్చింది. అక్కకు సొంత ఇల్లు, నేలమట్టాన ఒక గది, బయట తిరగడానికి కాస్త జాగా ఉన్నంతకాలం యాకోబ్ బీరి, అంటే కోబీ, ఆమె దగ్గర ఉండవచ్చు. లేకపోతే తిరిగి హోమ్‌కే. ఆ కాగితం ఇచ్చిన ఉద్యోగి కసురుకుంటూ ఇచ్చాడు. అందుకే లీనా ధైర్యంగా సంతకం పెట్టింది. మర్యాదగా అడిగిన ఏ కాగితం మీదా ఆమె చెయ్యి ఆడదు. ఆ ఒక్క విషయంలో ఆమెను ఎవరూ మార్చలేకపోయారు.

ఇల్లు ఆ దర్జీ ముసలావిడదే. పిల్లల్లేని మనిషి, పోతూ పోతూ లీనాకు రాసిచ్చింది. నగరం అంచున హాస్లిరీడ్ అనే చోట, రైలు పట్టాలకు దక్షిణాన. అటు మిగిలినవి ఒక మూతపడ్డ రంగుల గోడౌను, కూరగాయల మళ్లు. పట్టాలకు ఉత్తరాన మాత్రం వరసగా చక్కటి ఇళ్లు, గాజు వరండాలు, ఆపిల్ చెట్లు. ఆ వరసలో మొదటి ఇల్లు బడి టీచరు రెగూలా హాల్దిమాన్‌ది.

కోబీ పెరట్లో కుందేళ్లను పెంచాడు. లీనా ముందు గదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు కుట్టింది. ఏడాదికొకసారి ఆఫీసు నుంచి ఎవరో వచ్చి గది చూసి, పెరడు చూసి, రాసుకుని పోయేవాళ్లు. వాళ్లు వచ్చే వారం ముందు నుంచీ లీనాకు అన్నం సహించేది కాదు. వాళ్లు పోయాక కోబీ అడిగేవాడు, "పాసయ్యామా అక్కా?" అని. "పాసే" అనేది. అలా ఇరవై తొమ్మిదిసార్లు పాసయ్యారు.

ఒక ఏప్రిల్ ఉదయం నారింజరంగు కోట్లు వేసుకున్న మనుషులు ఉత్తరం వైపు తోటల్లో దిగారు. పొడవాటి గడలు పాతారు. ఇక్కడ ఏది కట్టాలన్నా ముందు అది ఎంత ఎత్తో, ఎంత వెడల్పో గడలు పాతి చూపించాలి. జనం నిలబడి చూసుకోవాలి, ఇష్టం లేనివాళ్లు ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. ముప్పై ఒకటో రోజున ఏడ్చినా వినేవాడు ఉండడు. రైల్వేవాళ్లు ఉన్న రెండు పట్టాలకు ఇంకో రెండు కలపబోతున్నారు, పక్కన నాలుగు మీటర్ల గోడ. గడల్లో ఒకటి సరిగ్గా రెగూలా గాజు వరండా ముందు నిలబడింది.

కోబీ కిటికీలోంచి చూశాడు. "ఉరికొయ్యల్లా ఉన్నాయక్కా" అన్నాడు.

"మనవైపు కాదులే" అంది లీనా. అంది గానీ ఆ రోజు తలుపు గొలుసు రెండుసార్లు చూసుకుంది.

వీధి లేచింది. బడి వ్యాయామశాలలో మీటింగులు పెట్టారు. ఎప్పుడూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కనివాళ్లు భుజాలు రాసుకుంటూ కూర్చున్నారు. రైలు అందరికీ కావాలి, పట్టాలు మాత్రం పక్కవాడి తోటలో ఉండాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. "మా పిల్లల నిద్ర" అన్నారు, "ఊరి అందం" అన్నారు. బ్యానర్లు కావాల్సి వచ్చాయి. పదకొండు బ్యానర్లూ లీనానే కుట్టింది, మిగిలిపోయిన కర్టెన్ గుడ్డతో. మీటింగులకు జడలా అల్లిన వెన్నరొట్టె చేసి పట్టుకుపోయేది. జనంలో కూర్చోవడం ఆమెకు బావుంది. ఆ వయసులో మొదటిసారి బావుంది.

ఇక్కడ పెద్దవాళ్లు అనమంటే తప్ప చిన్నవాళ్లు నువ్వు అనరు. పదకొండేళ్లుగా రెగూలా "బీరి గారూ, మీరు" అంటూనే ఉంది. ఆఖరి బ్యానరు అంచు కుట్టిన రోజున లీనా తెల్లవైను గ్లాసు ఎత్తి, "ఇక నన్ను లీనా అనమ్మా. నువ్వు అను" అంది. రెగూలా కళ్లు చెమర్చాయి. ఆమె మంచి మనిషే. అందులో అనుమానం లేదు.

మర్నాడు రెగూలా అభ్యంతరం ఫారం పట్టుకొచ్చింది.

"లీనా, ఒక్క సంతకం. వీధంతా పెట్టింది."

"రేపు చూద్దాం."

"నిన్నా రేపే అన్నావు."

కుందేళ్ల గూళ్ల వెనకనుంచి కోబీ గొంతు వచ్చింది. "మా అక్క రేపు ఎప్పటికీ రాదు టీచరమ్మా. ఆవిడ పెళ్లి కూడా రేపే."

రెగూలా నవ్వింది. లీనా నవ్వలేదు. ఫారం మీద చుక్కల గీత చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. రెగూలా అది చూసింది, ఫారం మడిచి బల్లమీద పెట్టింది. "సరే, బాధపడకు. మీ వైపు ఏమీ రావడం లేదు కదా. నూట నలభైమందిమి ఉన్నాం, నువ్వు లేకపోయినా గెలుస్తాం."

గెలిచారు. ఏడాదిన్నర పట్టింది. కబురు వచ్చిన సాయంత్రం వ్యాయామశాలలో వైను సీసాలు తెరిచారు. లీనా రొట్టె కోస్తోంది. బల్లమీద కొత్త మ్యాపు పరిచి ఉంది. రొట్టెముక్కలు పడకుండా దాని అంచు మడవబోయి, చూసింది. ఎర్రగీత పాతచోట లేదు, కిందికి దిగింది. గోడౌను మీదుగా వచ్చి ఒక చిన్న చతురస్రాన్ని అడ్డంగా కొట్టేసింది.

"ఇది ఎవరిల్లు?" అని అడిగింది.

ఒకాయన గ్లాసులోకి చూసుకున్నాడు. రైల్వే తరఫున వచ్చిన ఇంజనీరు కుర్రాడు, లోకం తెలియనివాడు, జవాబు చెప్పాడు. "దక్షిణం వైపు జరిపామండీ. అటువైపు నుంచి ఒక్క అభ్యంతరమూ రాలేదు."

లీనా కత్తి కింద పెట్టింది. రెగూలా హాలు అవతలి చివర ఎవరితోనో మాట్లాడుతోంది. మాట్లాడుతూ ఇటు చూసింది, మళ్లీ అటు తిరిగింది. ఆమెకు ముందే తెలుసునని లీనాకు అప్పుడు అర్థమైంది. గీత కిందికి దిగిన రోజునే తెలిసి ఉండాలి, కమిటీలో ఉన్న మనిషి. కోటు వేసుకుని ఇంటికొచ్చింది. వీధి పొడుగునా తను కుట్టిన బ్యానర్లు వేలాడుతున్నాయి.

కొత్త గడలు వసంతంలో వచ్చాయి. మూడు. ఒకటి కుందేళ్ల గూళ్ల మధ్య, ఒకటి వంటింటి మెట్టు పక్కన, ఒకటి కోబీ గది కిటికీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో. కోబీ కర్టెను వేసుకుని లోపలే కూర్చున్నాడు. గాలి వీస్తే గడలు మెల్లగా మూలిగేవి. అతనికున్న ఒక్క చెవికీ అదే వినబడేది.

"మనల్ని ఎప్పుడు తీసుకుపోతారు?" అన్నాడు.

"ఎవరూ తీసుకుపోరు."

"కొలిచారు కదా. కొలిచాక తీసుకుపోతారు."

లీనా కూర రుచి చూస్తున్నట్టు గరిటె నోట్లో పెట్టుకుంది.

మళ్లీ ముప్పై రోజులు. ఎనిమిదో రోజున ఆమె సొరుగులోంచి ఖాళీ ఫారం తీసింది. ఎవరూ అడగకుండా, ఎవరూ పిప్పరమెంటు ఇవ్వకుండా, తనంతట తనే. కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది. ఇల్లు పోతే కోబీ పోతాడు. ఆ ఒక్క ముక్కే రాయాలి, అది రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నాలుగు వాక్యాలు రాసింది. అయిదోది మొదలుపెట్టబోతుంటే తలుపు తట్టారు. రెగూలా. చేతిలో స్ట్రాబెర్రీల బుట్ట.

"లీనా, కూర్చో. ఒక మంచిమాట చెబుతాను." ఊపిరి పీల్చుకుని, ఇంట్లో చాలాసార్లు చెప్పుకుని వచ్చినట్టు చెప్పింది. "సంరక్షణ ఆఫీసులో నాకు తెలిసినావిడ ఉంది. మీ సంగతంతా చెప్పాను."

"ఏం చెప్పావు?"

"ఇల్లు పోతోందని. మీరిద్దరూ ఏమైపోతారో అని నాకు ఎన్ని రోజులుగా నిద్ర పట్టడం లేదో నీకు తెలీదు. నీకు తూర్పు కాలనీలో ఒక గది చూశారు. మూడో అంతస్తు, లిఫ్టు ఉంది. కోబీకి సరస్సు ఒడ్డున హోమ్. పాతకాలంవాటిలా కాదు, కొండలు కనిపిస్తాయి. రెండు కుందేళ్లు కూడా తీసుకెళ్లొచ్చట."

పక్కగదిలో కోబీ కుర్చీ కదిలిన చప్పుడైంది.

"నేను అభ్యంతరం రాస్తున్నాను" అంది లీనా. "ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి."

రెగూలా ఫారం వైపు చూసింది. "రాసుకో. నీ హక్కు. కానీ లీనా, అంతా మళ్లీ మొదటికొస్తుంది. వీధంతా మళ్లీ..." కిటికీలోంచి పట్టాల అవతల తన వరండా వైపు చూసి, చూపు తిప్పుకుంది. "నా కోసం అనడం లేదు."

"తెలుసు."

"గురువారం ఆవిడ వస్తుంది. కోబీతో మాట్లాడటానికి. ఊరికే, మాట్లాడటానికే."

రెగూలా వెళ్లాక లీనా మళ్లీ ఫారం ముందు కూర్చుంది. అభ్యంతరం తేలడానికి ఏళ్లు పడుతుంది, ఇల్లు కొన్నాళ్లు నిలబడుతుంది కూడా. కానీ ఆఫీసు ఏళ్లు ఆగదు. గురువారం వస్తుంది, పెరట్లో గడలు చూస్తుంది, బయట తిరగడానికి జాగా లేదని రాసుకుంటుంది. గెలిచిన ఇల్లు ఉంటుంది, అందులో కోబీ ఉండడు. ఇన్నాళ్లూ రైల్వేకు భయపడింది. భయం ఇప్పుడు స్ట్రాబెర్రీల బుట్టతో లోపలికి వచ్చి కూర్చుని వెళ్లింది.

లేచి తమ్ముడి గది తలుపు తీసింది.

"ఒక పెట్టెలో పట్టేవే తీసుకో కోబీ."

"కుందేళ్లు?"

"పట్టవు."

కోబీ చేతులు చూసుకున్నాడు. "హోమ్‌కా?"

"కాదు."

"ఇద్దరమేనా?"

"ఇద్దరమే."

"మరి నా పాత టోపీ పడుతుందా?" అన్నాడు, లేస్తూ.

కుందేళ్లను కూరగాయల మళ్లాయన తీసుకున్నాడు. ఏమీ అడగలేదు, మంచి పని చేశాడు. నాలుగు వాక్యాల ఫారాన్ని లీనా పొయ్యిలో పెట్టింది. మిషను కదిలించలేక కదిలించలేక, చివరికి దాని సూదులు మాత్రం ఒక డబ్బాలో వేసుకుంది.

బుధవారం పది గంటలకు హాస్లిరీడ్ స్టేషన్లో వచ్చే రైలు, పోయే రైలు ఒకేసారి ఆగుతాయి. నగరం నుంచి వచ్చిన రైల్లోంచి రెగూలా సంచులతో దిగింది. ఎదుటి రైలు తలుపు దగ్గర లీనా నిలబడి ఉంది. కోబీ అప్పటికే లోపల కూర్చుని, గట్టిగా అక్క కోటు అంచు పట్టుకున్నాడు.

"లీనా? ఎక్కడికి? రేపు గురువారం కదా, ఆవిడ..."

"తెలుసు."

రెగూలా సంచులు కింద పెట్టింది. ఆపిళ్లు రెండు దొర్లిపోయాయి, చూసుకోలేదు. "నా మీద కోపమా? నేను కమిటీలో అన్నాను లీనా, ఆ వైపు కూడా మనుషులున్నారని అన్నాను. ఎవరూ వినలేదు." గొంతు తగ్గించింది. "కనీసం ఎక్కడ ఉంటారో చెప్పు. నేను ఎవరికీ చెప్పను. ఏదైనా అవసరమైతే నేను చూసుకుంటాను."

తలుపులు మూసుకుంటున్నట్టు గంట మోగింది. లీనా మెట్టు ఎక్కింది.

"నువ్వు మంచిదానివి రెగూలా" అంది. "అందుకే నీకు చెప్పను."