నాభి మొక్కల దగ్గర సున్నపు రాళ్లు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని. మందు సీసా మీది చీటీ చదవకుండా మూత తియ్యను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకుని బతికే నాకు ఆ గుణం పనికొచ్చింది కూడా. అందుకే సోమల దారిలో ఒక కొండ వాలున అడవినాభి కనిపించినప్పుడు వెంటనే నమ్మలేదు. ఎవరో తోటలోంచి పారేసిన దుంప మొలిచిందేమో అనుకున్నాను. వంగి చూశాను. ఆకు కొస సన్నగా సాగి, మెలి తిరిగి, పక్కనున్న ముళ్లకంపను పట్టుకుని ఉంది. పూరేకులు మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు, అన్నీ వెనక్కి విరుచుకుని ఉన్నాయి. బండల సందున ఎర్రమట్టి, పైన కంప నీడ. అది సొంతంగా మొలిచిన చోటే.

నేను చదువుకున్న పుస్తకాల్లో దీన్ని లిల్లీల కుటుంబంలో చేర్చారు. తర్వాత ఆ కుటుంబాన్ని ముక్కలు చేసి, దీన్ని కాల్చికేసీ అనే వేరే కుటుంబంలోకి పంపారు. గ్లోరియోసా సుపర్బా అన్న పేరు మాత్రం మిగిలింది. కుప్పం దాటి తమిళనాడులో అడుగు పెడితే ఇది రాష్ట్ర పుష్పం. ఇటువైపు మేకలు కాసేవాళ్లకు ఉత్త విషపు మొక్క. ఆ విషంలోనే మందు ఉంది కాబట్టి గింజలకూ దుంపలకూ గిరాకీ. అడవిలో దుంప తవ్వితే ఆ మొక్క కథ అంతటితో సరి.

వెతికితే ఆ వాలునే ఇంకొన్ని కనిపించాయి. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ వాలున మేకలు తోలుకొచ్చే ఒకామె మాత్రం కర్రకు గడ్డం ఆనించి నన్నే చూస్తూ ఉండేది.

"ఏం ఎతుకుతాండావమ్మా?"

"ఊరికే వచ్చినాలేమ్మా, గాలికి."

ఆమె నమ్మలేదని ముఖమే చెప్పింది. వానలు పోయాక నాభి తీగ ఎండి మాయమవుతుంది, నేలలో దుంప ఒక్కటే మిగులుతుంది. మళ్లీ గుర్తుపట్టడానికి ఒక్కో మొక్క మొదట్లో సున్నం పూసిన రాయి పాతి వచ్చాను.

కొన్నాళ్లకు పుంగనూరు సంతలో ఆమె కనిపించింది. ఒంటరిగా కాదు, కుప్పం నుంచి వచ్చే నాభి గింజల వ్యాపారితో. అతను ఒకసారి గింజలు చూపించడానికి మా కాలేజీకి వచ్చాడు, ముఖం గుర్తుంది. ఆమె చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, అతను తల ఊపుతున్నాడు. చోటు చెప్పేసింది, ఇంకేముంది అనుకున్నాను.

మర్నాడే కొండకు వెళ్లాను. ఒక్క రాయి లేదు. రాళ్లున్న చోటల్లా గుంతలే. ఆమె బండ మీద కూర్చుని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"దుంపలు ఎంతకమ్మినావమ్మా ఆయప్పకు?"

"అమ్మేదేంది? సున్నం కొట్టి రాళ్లు పాతింది నువ్వేనా?" ఆమె లేచి నిలబడింది. "ఆయప్పది కుప్పం, ఆడంతా గ్రానైటు క్వారీలే, ఆ సంగతులు తెలుస్తాయని అడిగినా. సున్నపు రాళ్లు పాతినారంటే క్వారీకి కొలత పెట్టినట్టే అన్న్యాడు. నువ్వు క్వారీవోళ్ల మనిసివి. కొండ పోతే నా మేకల్ని యాడికి తోలేది?"

అందుకే రాళ్లన్నీ పెరికేసిందట. కింద ఇంకేమైనా పాతారేమోనని తవ్వి చూసిందట. నేను మొక్కల టీచరునని ఎంత చెప్పినా వినలేదు.

"మరి దుంపలు యాడేసినావు?"

"నాభి దుంప బయట పారేస్తారా ఎవురన్నా? మేక తింటే సస్తాది. మా సేను గట్టుకింద పూడ్సి, కంప కప్పినా."

"సూపిస్తావా?"

"సూపించను. ఆడ గూడా రాయి పాతుతావు."

ఆ ఎండాకాలమంతా నాకు నెమ్మది లేదు. ఆమె మాట అబద్ధమై, దుంపలు కుప్పం చేరాయేమో. నిజమే అయినా, దుంప కొసనున్న మొగ్గ విరిగితే ఇక మొలవదు. ఆ కొండ మీద ఉన్నవి అవే, వేరేచోట నాకు కనిపించలేదు. తలుచుకుంటే ఏడుపొచ్చేది.

నాలుగు వానలు గట్టిగా పడ్డాక ఊళ్లో అడిగి ఆమె చేను పట్టుకున్నాను. గట్టు మీదే అడ్డం నిలబడింది.

"సంచి కింద పెట్టు."

పెట్టాను. నీళ్ల సీసా, భూతద్దం, టిఫిన్ డబ్బా ఒక్కొక్కటే బయటికి తీసింది. డబ్బా మూత కూడా తెరిచి ఉప్మాలో వేలు పెట్టి చూసింది. సంచి తలకిందులు చేసి దులిపింది. అప్పుడు కర్రతో కంప పక్కకు తోసింది.

"సూడు. సూసి పో."

ఎర్రమట్టిలోంచి లేత తీగలు లేచి, ఆకు కొసలతో కంపను పట్టుకుని పైకి పాకుతున్నాయి. ఒకదానికి మొగ్గ కూడా వచ్చింది. సంతోషంతో నా కళ్లు మసకబారాయి. నేను మొక్కల ముందు కూర్చున్నంతసేపూ ఆమె నా చేతుల వైపే చూస్తూ నిలబడింది.